హోం డైరెక్టరీ కనబడనిచో ఏమి చేయవలెను?

పరకాల వంటి పట్టణములలో కంప్యూటరు నేర్చుకొను విద్యార్థికి కరెంటు పోవుట, వచ్చుట క్రొత్త సంగతి కాదు. అయితే కరెంటు తిరిగి వచ్చి, ప్రయోగశాలలోని లినక్సు యంత్రము మరల ప్రారంభమైన పిమ్మట తన ఫైళ్లన్నియు మాయమైనట్లు తోచినచో ఎవరికైనను గుండె జారిపోవును. ఏడాది శ్రమ పోయినదని దుఃఖించుటకు ముందు అసలు విషయము గ్రహింపవలెను.

అనేక ప్రయోగశాలలలో విద్యార్థుల ఫైళ్లు వారి యెదుటి యంత్రములో నుండవు. సర్వరు అను వేరొక యంత్రములో నుండును. 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ రూపొందించిన ఎన్.ఎఫ్.ఎస్. పద్ధతి ద్వారా ఆ హోం డైరెక్టరీని మన యంత్రములోని ఒక ఖాళీ డైరెక్టరీపై అమర్చుదురు. దీనినే మౌంటు అందురు. మౌంటు జరుగనిచో ఆ ఖాళీ స్థలము మాత్రమే కనబడును. అనగా ఇల్లు కూలలేదు, ఇంటికి దారి తెరచుకొనలేదు.

కరెంటు రాగానే యంత్రములన్నియు ఒకేసారి మేల్కొనును. సర్వరు, నెట్‌వర్కు స్విచ్చి సిద్ధము కాకమునుపే మన యంత్రము మౌంటుకు ప్రయత్నించి, విఫలమై, ఊరకుండవచ్చును. ఇదియే తరచుగా కారణము.

మొదట 'పింగ్'తో సర్వరు పలుకుచున్నదో లేదో చూడవలెను. పలికినచో ప్రయోగశాల నిర్వాహకుడు 'మౌంట్ -ఏ' అను ఆజ్ఞ నీయవలెను. వెంటనే ఫైళ్లు కనబడినచో దోషము వేళది మాత్రమే. అప్పుడు 'ఎఫ్.ఎస్.ట్యాబ్' ఫైలులో ఆ పంక్తికి '_నెట్‌డెవ్' అను గుర్తు చేర్చవలెను. లేదా అవసరమైనప్పుడే మౌంటు చేయు 'ఆటో ఎఫ్.ఎస్.'ను వాడవలెను. ఆజ్ఞ ఫలింపనిచో సర్వరు చిరునామా మారినదేమో, అది ఆ డైరెక్టరీని మన యంత్రమునకు పంచుచున్నదో లేదో విచారింపవలెను.

విద్యార్థులకు ఒక హెచ్చరిక. ఖాళీ డైరెక్టరీలో క్రొత్త పని దాచుకొనరాదు. తరువాత మౌంటు జరిగినప్పుడు ఆ పని దాని క్రింద మరుగుపడును. నశింపదు గాని, మౌంటు తొలగించినగాని కానరాదు. తొందరపడి యంత్రమును ఫార్మాటు చేయుట అంతకన్న పొరపాటు. గోటితో పోవుదానికి గొడ్డలి యేల?

కళాశాల కమిటీ వారు సర్వరుకును, స్విచ్చికిని యు.పి.ఎస్. ఏర్పరచి, ఫైళ్లకు వేరొక చోట ప్రతి యుంచినచో విద్యార్థుల శ్రమ భద్రముగా నుండును.