తునకలైన నవ్వు

ఒంటరిగా వేదిక నెక్కి, మైకు ముందు నిలిచి, కేవలం మాటలతో సభను నవ్వించే ‘స్టాండప్ కామెడీ’కి అమెరికాలో గొప్ప ఆదరణ ఉంది. 1960లో వెలువడిన బాబ్ న్యూహార్ట్ తొలి హాస్యపు రికార్డు, పాటల రికార్డులను వెనుకకు నెట్టి, మరుసటి ఏడు ఉత్తమ ఆల్బమ్‌గా గ్రామీ పురస్కారం గెలుచుకొన్నది.

అక్కడి పండోరా అనే అంతర్జాల రేడియో 2011లో ఈ హాస్యానికి తావిచ్చింది. శ్రోత ఒక హాస్యకారుని పేరు చెబితే, ఆయన ప్రసంగపు తునకలనూ, ఆయనను పోలినవారి తునకలనూ యంత్రం ఏర్చి వినిపిస్తుంది. నచ్చితే బొటనవ్రేలు పైకి, నచ్చకుంటే క్రిందికి. పాటల కోసం పుట్టిన ఏర్పాటిది. చిక్కంతా అక్కడే.

పాటను పదిసార్లు వింటాము. పదకొండవసారి మనమూ గొంతు కలుపుతాము. ఛలోక్తి అలా కాదు. ఏటేటా ఒకే ఛలోక్తి విసిరే మాస్టారి ఎదుట, తప్పి అదే తరగతిలో ఉండిపోయిన విద్యార్థి ముఖం చూడండి! మెచ్చిన తునకనే మళ్లీ వినిపిస్తే శ్రోత గతీ అంతే.

అంతకంటె పెద్ద నష్టం మరొకటి. నేర్పరియైన హాస్యకారుడు ఆరంభంలో ఒక మాట నాటి, సభ దానిని మరచిన వేళ, చివర హఠాత్తుగా మళ్లీ పలుకుతాడు. సభ గొల్లున నవ్వుతుంది. ఆ చివరి తునక ఒక్కటే రేడియోలో వస్తే, రికార్డులోని జనం విరగబడి నవ్వుతుండగా ఇంటిలోని శ్రోత తెల్లమొహం వేస్తాడు. అసలు కథ విడిచి, దాసుగారి పిట్టకథలనే వరుసగా వినిపించిన హరికథ వంటిది ఇది.

ఆ శ్రోత ఆ రికార్డు పేరు కనుగొని, మొదటినుంచి వినవలసిందే. కొంత తీరిక కావాలి.