సాము – మర్మం – వైద్యం

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత హైదరాబాదుకు పడమటి దిక్కున ఒక కొత్త నగరం వెలసింది. అక్కడి ఉద్యోగులు గదలు తిప్పరు, బరువులు మోయరు. అయినా గంటల తరబడి కీబోర్డు ముందు కూర్చునేవారిలో కొందరికి మణికట్టు నొప్పి తప్పడం లేదు. ‘మణిబంధం’ అనే సంస్కృత పదానికి ‘మణికట్టు’ చక్కని తెలుగు. ఈ మణిబంధాన్ని సుశ్రుతుడు మర్మస్థానాలలో చేర్చాడు.

మాంసం, సిరలు, స్నాయువులు, ఎముకలు, కీళ్ళు కలిసే చోటు మర్మం. అక్కడ ప్రాణం నెలకొని ఉంటుందని ప్రాచీనుల విశ్వాసం. సుశ్రుత సంహితలోని శారీరస్థానం ఇటువంటివి 107 అని లెక్కించి, దెబ్బ తగిలితే కలిగే ఫలితాన్నిబట్టి వాటిని ఐదు తెగలుగా విభజించింది. వెంటనే ప్రాణం తీసేవి 19. మణిబంధం వంటి బాధాకరమైనవి 8. ‘విశల్యఘ్నాలు’ మూడే. కనుబొమల నడుమనున్న ‘స్థపని’ వీటిలో ఒకటి. అక్కడ గుచ్చుకొన్న బాణం ఉన్నంతసేపు మనిషి బతికే ఉంటాడు, పెరికితే మరణిస్తాడు. తొందరపడిన వైద్యుని చేయి శత్రువు చేతికంటె ప్రమాదకరమన్నమాట! మర్మజ్ఞానం శస్త్రవైద్యంలో సగమని ఆ గ్రంథం చెప్పడానికి కారణం ఇదే.

ఈ జ్ఞానం వైద్యునికెంత అవసరమో యోధునికీ అంతే అవసరం. ‘శ్రమ’ శబ్దం నుండి పుట్టిన ‘సాము’ను మనవారు గరిడీలలో, తాలీంఖానాలలో అభ్యసించారు. శిష్యుని భుజం కీలు తప్పితే అక్కడికక్కడే సరిచేయవలసినవాడు గురువే. హైదరాబాదు పాతబస్తీలో ఎముకలు, కీళ్ళు సరిచేసేవారిని నేటికీ ‘పహిల్వాన్’ అని పిలవడం గమనించదగినది. పహిల్వాన్ అంటే మల్లుడు. కేరళ కళరిలోనూ గురువే వైద్యుడు. జపానులో జూడో సంప్రదాయం నుండి వచ్చిన ఎముకల వైద్యానికి ప్రభుత్వ గుర్తింపు ఉంది. అయితే విరిగిన ఎముకకు ఎక్స్‌రే తీయకుండా కట్టు కట్టించుకోవడాన్ని నేడు సమర్థించలేము. బిగువు ఎక్కువైన కట్టు రక్తప్రసారాన్ని ఆపి అవయవానికే ముప్పు తేగలదు.

గాయపరచడం, స్వస్థపరచడం ఒకే చేతికి తెలిసినప్పుడు ఆ చేతిని అదుపులో ఉంచేదేమిటి? పతంజలి అష్టాంగాలలో మొదటిది యమం. యమాలలో మొదటిది అహింస. ఆసనం మూడవ అంగం మాత్రమే. మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలలో యోగా పేరిట నేర్పేది చాలావరకు ఆ మూడవ మెట్టే. నడుమునొప్పికి అది చాలునేమో! యుద్ధవిద్యకు మాత్రం చాలదు. కళరిలో మొదట దేహసాధన, తరువాత కర్ర, ఆపైన లోహపు ఆయుధాలు, చివరకు వట్టిచేతుల పోరు నేర్పుతారు. మర్మాలపై దెబ్బ వేయడం ఆ చివరి దశలోనిది. అంతవరకు గురువు శిష్యుని స్వభావాన్ని ఏళ్ళ తరబడి పరిశీలిస్తాడు. కోపిష్ఠికి ఆ పాఠం దక్కదు.