ఎన్నికల అభ్యర్థులు - మన చేతిఫోనులు

పూర్వము ఎన్నికలు వచ్చినచో అభ్యర్థి మన పేటకు వచ్చి, కులపెద్దలను కలిసికొని, మగ్గముల నడుమ నిలిచి నాలుగు మాటలు చెప్పి పోయెడివాడు. నేడు పేటకు రాకముందే ఫోనులోనికి వచ్చుచున్నాడు. ఇది ఏ రీతిగా జరుగుచున్నదో మన కుటుంబములవారు తెలిసికొనుట అవసరమని తలచి వ్రాయుచున్నాము.

ఈ పద్ధతి అమెరికాలో బలపడినది. 2003లో హవర్డ్ డీన్ అను అభ్యర్థి అభిమానులు 'మీటప్' అను వెబ్‌సైటు ద్వారా ఊరూర తామే కూడుకొనసాగిరి. 2004లో ఆయనకు పార్టీ టికెట్టు దక్కలేదు గాని పద్ధతి నిలిచినది. 2008లో బరాక్ ఒబామా పక్షమువారు దానిని పెంచిరి. ఫేస్‌బుక్ స్థాపకులలో ఒకరైన క్రిస్ హ్యూస్ వారితో చేరెను. వారి వెబ్‌సైటులో సుమారు 20 లక్షలమంది పేర్లు నమోదు చేసికొని, సుమారు 2 లక్షల కూటములు జరిపిరి. ఉపాధ్యక్ష అభ్యర్థి పేరును మొదట ఫోను సందేశముగా తెలుపుదుమని చెప్పి, ఆ పక్షమువారు జనుల నంబర్లు సేకరించిరి. ఇందలి కిటుకు గమనింపదగినది. వార్త ఉచితమే, నంబరే దాని వెల. చందా అడుగుటకును, ఓటు గుర్తుచేయుటకును ఆ నంబరే ఆధారము.

మన దేశమున ఈ పనికి వాట్సాప్ ముఖ్యసాధనము. పోలింగు బూతు వారీగా గుంపులు కట్టుదురు. అది చాలక, నూలు ధర, పెండ్లి సంబంధము, చావు కబురు తెలుపుకొనుటకు మనము పెట్టుకొన్న గుంపులలోను ప్రచారము దూరును. షోలాపూరులోనో భివండిలోనో ఉన్న మనకు తెలుగున సందేశము వచ్చినచో మనసు కరుగును గదా! పైగా అది పార్టీ పేరున రాదు, బావగారి పేరున వచ్చును. బావగారు పంపిరి గనుక నమ్ముదుము. అది మొదట ఎవరు వ్రాసిరో బావగారికే తెలియదు. ఇట్టి పుకార్ల వలన ప్రాణములు పోయిన పిమ్మట, 2018లో వాట్సాప్‌వారు మన దేశమున ఒక సందేశమును ఒకేసారి అయిదింటికి మించి పంపకుండ కట్టడి చేసిరి. పెక్కు చేతులు మారిన సందేశముపై జంట బాణముల గుర్తుండును.

ఇందు మనకు మేలు లేకపోలేదు. సొమ్ము లేని అభ్యర్థియు నలుగురికి తెలియగలడు. మనమును తిరిగి అడుగవచ్చును: చేనేతవారైనచో 1985 నాటి రిజర్వేషను చట్టము అమలును గురించి, మరమగ్గములవారైనచో కరెంటు ధరను గురించి. జవాబు రానిచో అదియు ఒక జవాబే.

సంఘ కార్యదర్శులకు ఒక మనవి. నూలుకొరకు, ఋణముకొరకు సభ్యులిచ్చిన ఫోను నంబర్ల జాబితా ఏ పక్షమువారడిగినను ఇవ్వరాదు. కేంబ్రిడ్జి అనలిటికా వ్యవహారమున 8 కోట్ల 70 లక్షలమంది వరకు వివరములు పరులపాలై యుండవచ్చునని 2018లో ఫేస్‌బుక్‌వారే ఒప్పుకొనిరి. అంత పెద్ద కంపెనీకే దక్కని కట్టుదిట్టము మన బీరువాకు ఎక్కడిది?

ఇక నిబంధనలు. 2013 అక్టోబరులో ఎన్నికల సంఘమువారిచ్చిన ఉత్తర్వు ప్రకారము అభ్యర్థి తన ఖాతాలను 26వ నంబరు ఫారములో తెలుపవలెను. ఈ మాధ్యమములందలి ప్రకటనలకు ముందుగా అనుమతి పొందవలెను. వాటి వ్యయమును, ఆ పని చేయువారి జీతములను ఎన్నికల ఖర్చులో చూపవలెను. డబ్బు, మద్యము, చీరలు పంచుట కంటబడినచో 'సి-విజిల్' అను యాప్‌లో అక్కడికక్కడే ఫోటో తీసి పంపవచ్చును. పేరు తెలుపనక్కరలేదు. 100 నిమిషములలో చర్య గైకొనవలెనని ఏర్పాటు.