మాయలఫకీరును జలనచిత్రహాస్యమును

మాయలఫకీరు పేరు చెప్పి బిడ్డలకు నన్నము దినిపించిన తల్లులు తెలుఁగునాఁటఁ బెక్కురు. అట్టి భయంకరపాత్రములే చలనచిత్రములలో నవ్వు పుట్టించుచున్నవి. దీనివలన జానపదకథ చెడినదని పండితులలోఁ గొందఱి తలంపు. భయము గొల్పుటకై పుట్టిన పాత్రము నవ్వు గొల్పుట కథకుఁ జేటా, లేక కథాస్వభావమే యట్టిదా యనునది విచార్యము. బాలనాగమ్మకథ నిందుకు నిదర్శనముగాఁ గొందము.

పానుగంటి రాజకుమారుఁడగు కార్యవర్ధిరాజు భార్య బాలనాగమ్మ. మాయలఫకీరు భిక్షుకవేషమున వచ్చి, యామెను గుక్కగా మార్చి తన కోటకుఁ గొనిపోవును. ఆమె వ్రతము నెపమునఁ గాలము గడపుచుండఁగాఁ గుమారుఁడు బాలవర్ధిరాజు పెరిగి, తల్లిజాడ నెఱిఁగి, ఫకీరు ప్రాణమున్న చిలుకను సాధించి వానిం జంపి యామెను విడిపించును.

ఈ కథ తెలుఁగునకే పరిమితము గాదు. అన్నా లిబరేటా డిసౌజా యను ఆయా చెప్పఁగా మేరీ ఫ్రియర్ దొరసాని వ్రాసి 1868లో లండనునఁ బ్రకటించిన దక్కనుకథల సంపుటమునఁ 'బంచ్‌కిన్' అను కథ గలదు. అందలి నాయిక పేరు బాల్నా. మాంత్రికుఁడు ఫకీరువేషమున వచ్చుట, యామెను జిన్నకుక్కగా మార్చుట, పండ్రెండేండ్లు చెఱనుంచుట, కొడుకు వచ్చుట యన్నియు నొక్కతీరే. ఆఱు నీటికుండల క్రింద నున్న పంజరములోని పచ్చచిలుకలో వాని ప్రాణముండును. బాల్నా యనునది బాలనాగమ్మ యను పేరికి సంక్షిప్తరూపమని యూహింప వీలున్నది. రష్యాదేశపు కథలలోఁ గోష్చేయి యనువాని ప్రాణము సూదిమొనయందును, ఆ సూది గ్రుడ్డునందును నుండును.

ఈ కథాంశముయొక్క కీలకము గమనింపఁదగినది. లోకమును గడగడలాడించువాని బలమంతయు నొక బాలుని పిడికిటఁ బట్టు వస్తువులో నున్నది. భయమును నగుబాటును నీ యొక్కచోటనే కలసియున్నవి. చిలుక చేతఁ జిక్కినతోడనే భయంకరుఁడు దీనుఁడగును. బుఱ్ఱకథలోఁ గథకుని ప్రక్క హాస్యము చెప్పు వంతకు స్థానముండుటయుఁ దలంపఁదగును. కావున నవ్వు చలనచిత్రము దెచ్చిన క్రొత్తవస్తువు గాదు.

ఇఁక జిత్రములను జూతము. 1942లో జెమినీవారికై చిత్తజల్లు పుల్లయ్య బాలనాగమ్మను జిత్రముగాఁ దీసెను. కాంచనమాల నాయిక, గోవిందరాజుల సుబ్బారావు మాయలమరాఠి. 1951లోఁ గాశీమజిలీ కథలనుండి పుట్టిన పాతాళభైరవి వెలువడెను. దర్శకుఁడు కె. వి. రెడ్డి, రచయిత పింగళి నాగేంద్రరావు. అందు ఎస్. వి. రంగారావు ధరించిన నేపాళమాంత్రికుఁడు మహిమగల ప్రతిమను గడ్డములో దాఁచుకొనును. రాకుమారిని మెప్పింపఁగోరి గడ్డము గొఱిగించుకొని దానిని గోల్పోవును. చిలుక ప్రతిమగా మాఱినది, పంజరము గడ్డమైనది, కథాయంత్రము మాత్రము మాఱలేదు.

యమధర్మరాజును నిట్లే నవ్వుపాలయ్యెను. పుల్లయ్యయే 1960లో దేవాంతకుఁడు చిత్రమునకు దర్శకుఁడు. పిదప 1977లో యమగోలయు, 1994లో ఎస్. వి. కృష్ణారెడ్డి దర్శకత్వమున యమలీలయు వెలువడెను. యమలీలలో భవిష్యవాణి యను గ్రంథము భూమిపైఁ బడి యొక యల్లరి యువకునకు దొరకును. దానికై యముఁడును జిత్రగుప్తుఁడును దిగివచ్చి నగుబాట్లు పడుదురు. ఇచ్చట గ్రంథమే చిలుక. ఆ యువకుఁడు తల్లిమరణము సమీపించెనని యందుఁ జదివి తల్లడిల్లును. తల్లికై కొడుకు పడు తపన బాలవర్ధికథనుండి యిందాఁక నిలిచియున్నది.

కాఁబట్టి హాస్యముండుటచేతనే కథ చెడినదనుట యుచితము గాదు. తల్లి చెఱయు, బిడ్డ పూనికయుఁ దొలఁగి, వేషభాషల వికారము మాత్రమే మిగిలినచోఁ జెడినదనవచ్చును. చిలుకను బట్టుటకుఁ గారణమున్నంతవఱకు నవ్వు కథకు బలమే. ఉపాధ్యాయులు చిత్రమును నిందించి విడువక, బాలురచేత నాయా చిత్రములలో మాంత్రికుని ప్రాణ మెచ్చట నున్నదో వెదకించిరేని, కథాలక్షణము వారికిఁ దానై పట్టుపడును. ఇంటఁ బెద్దలు చెప్పు పాఠాంతరములును వెలికి వచ్చును.