పిల్లికూన నడుము, కాళ్ళు: బాధను గుర్తించుట, చికిత్స



ఎద్దు కాలు కుంటినచో ఆ పూటనే మనకు తెలియును. అరక ఆగును గదా! పిల్లికూన కాలు పడిపోయినచో మాత్రము రెండు మూడు దినములు గడచినగాని మన కంటబడదు. పిల్లి తన నొప్పిని వెల్లడించుకొను జంతువు కాదు. అటకమీదనో, గాదె క్రిందనో నక్కి మౌనముగా పడియుండును. తుదకు కాళ్ళీడ్చుకొనుచు బయటపడినప్పుడు, ఇది యిక బ్రదుకదని గోనెసంచిలో వేసి ఊరిబయట విడిచివచ్చుట పలుతావుల గలదు. అట్లు విడువబడిన కూనలలో కొన్నియైనను తగిన తిండితోడను, కొన్ని వారముల విశ్రాంతితోడను లేచి తిరుగదగినవే. కావున ఈ విషయమును గూర్చి నేడు కొంత విన్నవింతును. నేను పశువైద్యుడను గాను. బడిపంతులుగా పనిచేసి విరమించినవాడను. బాధను గుర్తించుట, వైద్యుడు దొరకువరకు చేయదగినది, చేయరానిది, అటుపిమ్మటి పోషణ, ఇవియే నా ప్రసంగమునకు హద్దులు. మందు నిర్ణయించుట వైద్యుని పని.

సంస్కృతమున పిల్లికి మార్జాలమని పేరు. శుభ్రపరచుట యను అర్థముగల "మృజ్" ధాతువునుండి యీ పదము పుట్టినది. నిరంతరము తన యొడలు తానే నాకి తుడుచుకొను ప్రాణికి ఇది తగిన పేరు. ఈ పేరే మనకు మొదటి పరీక్షను బోధించుచున్నది. వెన్ను నొచ్చిన పిల్లి మెడ త్రిప్పి నడుమును, తోకమొదటిని నాకుకొనజాలదు. మెడయు రొమ్మును నున్నగానుండి, నడుముమీది వెండ్రుకలు మాత్రము చిక్కుపడి రేగియున్నచో, వెన్నున బాధ గలదేమో యని సందేహింపవలెను.

తక్కిన గురుతులు కొన్ని గలవు. నిన్నటివరకు ఒక్క గంతున గోడనెక్కిన కూన నేడు ముందు అరుగును, పిమ్మట గోడను రెండు గంతులుగా ఎక్కును; లేదా దూకబోయి తటపటాయించును. ఆట మానును. నడుము గూనిగా వంచి నడచును. ఎత్తుకొనబోయినచో బుసకొట్టును. మలవిసర్జనకు పలుమారు ముక్కును. వెనుక పాదము మడతపడి, దాని పైభాగము నేలకు రాచుకొనుచున్నచో, లేదా గోళ్ళు ఒరసి అరిగియున్నచో, నరములకు దెబ్బ తగిలినదని యెంచవలెను. ముందుకాలు నొచ్చినదైనచో ఆ కాలు నేలనానినప్పుడెల్ల తల పైకెగయుచుండును. కావున మొదట దూరమున కూర్చుండి, చదునైన నేలమీద దాని నడకను చూడవలెను. చేయి వేయుట పిమ్మటి మాట.

చేయి వేయుటకు ముందు ఒక హెచ్చరిక. కాళ్ళు పడిపోవుట పిచ్చికుక్క కాటువలన వచ్చు రేబిస్ వ్యాధికిని లక్షణము కావచ్చును. టీకా లేని పిల్లికి కాళ్ళు క్రమముగా పట్టుదప్పుట, నోట చొంగ కారుట, దవడ వ్రేలాడుట, గొంతు మారుట, అకారణముగా మీదపడుట యనునవి కానవచ్చినచో దానిని ముట్టరాదు. పిల్లలను దగ్గరకు రానీయరాదు. గదిలో మూసి, పశువైద్యునికి కబురు పంపవలెను. అది కరచినను, రక్కినను, గాయమును సబ్బుతో పారు నీటిక్రింద 15 నిమిషములు కడిగి, ఆనాడే వైద్యశాలకు పోయి టీకా వేయించుకొనవలెను. రేబిస్ లక్షణములు బయటపడిన పిదప మనుష్యుడు బ్రదుకుట మిక్కిలి అరుదు. పిల్లికూనకు మూడవ నెలలోనే ఈ టీకా వేయించి, వైద్యుడు చెప్పిన గడువున మరల వేయించుచున్నచో ఇంటికి నిశ్చింత.

అట్టి అనుమానము లేనప్పుడు చేతితో చూడవచ్చును. కాలివ్రేళ్ళనుండి మొదలిడి పైకి పోవలెను. ముల్లు, విరిగిన గోరు, చుట్టుకొని బిగిసిన దారము, ఆడుకొనుచు పిల్లలు తొడిగిన రబ్బరు పట్టీ, ఇవి తరచుగా దొరకు కారణములు. రెండవ కాలితో పోల్చి వాపును, వేడిని చూడవలెను. పోట్లాటలో పడిన పంటిగాటు సూదిమొన యంత యుండి పైకి మానిపోవును. లోపల చీముపట్టి మూడు నాలుగు దినములలో కాలు వాచి జ్వరము వచ్చును. పిల్లికి సహజమైన దేహోష్ణము సుమారు 100.5 మొదలు 102.5 ఫారెన్‌హీటు డిగ్రీలు. మనకు జ్వరమనిపించు వేడి దానికి ఆరోగ్యమని మరువరాదు.

పిల్లి వెన్నున మెడకు 7, వీపునకు 13, నడుమునకు 7, కటికి 3 ఎముకలుండును, తోకలోనివి వేరు. వీనిలోపలినుండియే వెనుక కాళ్ళకును, మూత్రాశయమునకును నరములు పోవుచున్నవి. కావున చెట్టుమీదినుండి పడినను, కుక్క నోటబడినను, మోటారు బండి తగిలినను, కాళ్ళతోబాటు మూత్రమును గమనింపవలెను. పిల్లలు తోకపట్టి లాగుటయు, తోకమీదుగా చక్రము పోవుటయు చిన్న సంగతులు కావు. తోక లాగబడినప్పుడు దాని మొదటనున్న నరములు తెగును. అట్టి కూన తోక చచ్చువడి వ్రేలాడును. మూత్రము పోయలేకపోవును, లేదా బొట్లుబొట్లుగా కారుచుండును. ఒక దినము మూత్రము వెడలకున్నచో ప్రాణాపాయము. మరునాటివరకు వేచియుండరాదు. వెనుక కాళ్ళు రెండును హఠాత్తుగా పడిపోయి, చల్లబడి, అరికాళ్ళు పాలిపోయి, పిల్లి బాధతో అరచుచున్నచో, గుండెనుండి వచ్చిన రక్తపుగడ్డ కాళ్ళకు పోవు నాళమున కడ్డుపడినదని అనుమానింపవలెను. కూనలలో ఇది అరుదే యైనను, క్షణము ఆలసింపదగినది కాదు.

దెబ్బయే లేకుండ కాళ్ళు పడిపోవుటయు గలదు. మా వీధిలో నాలుగు నెలల కూననొకదానిని ఒక యింటివారు మిక్కిలి గారాబముగా పెంచిరి. బయటకు విడువక, దినదినము ఎముకలేని కోడిమాంసమును మాత్రమే పెట్టిరి. కొన్నాళ్ళకు అది గంతులు మానినది. నడుము పల్లముగా వంగినది. చిన్న పీటమీదినుండి దిగగానే కాలు విరిగినది. వాతమని కొందరు, దిష్టియని కొందరు అనిరి. పట్టణమునకు గొనిపోయి ఎక్స్‌రే తీయింపగా ఎముకలు నీడలవలె పలుచబడియుండెను. మాంసమున భాస్వరము మెండు. కాల్షియము దానిలో పదునైదవ, ఇరువదవ వంతు మాత్రమే. రక్తమునకు కావలసిన కాల్షియము తిండిలో దొరకనప్పుడు, గొంతుకడనున్న చిన్న గ్రంథులు ఎముకలను కరగించి రక్తమునకిచ్చును. వంటచెరకు లేక యింటి దూలములను కొట్టి పొయ్యిలో పెట్టుకొన్నట్లు! ఎలుకను తిను పిల్లికి ఈ చిక్కులేదు. అది ఎముకలతోడనే తినును. ఆ కూనకు వైద్యుడు కాల్షియమును, సరియైన ఆహారమును ఏర్పరచి, కదలకుండ ఉంచుమనెను. కోళ్ళగూటిలో మెత్తని గుడ్డలు పరచి 6 వారములుంచిరి. కాలు అతుకుకొని నడచినది. అయితే కటి యెముక అప్పటికే ఇరుకై కుదిరినందున మలబద్ధము విడువలేదు. ప్రసవము కష్టమగునని దానికి గర్భము రాకుండ శస్త్రచికిత్సయు చేయించిరి. ముందుగా గుర్తించియున్నచో ఆ కొరతయు మిగిలియుండదు.

పాలన్నమే చాలునని కొందరు తలంతురు. బయట వేటాడు పిల్లికి అది చిరుతిండిగా సరిపోవచ్చును. యింట మూసిపెట్టిన కూనకు చాలదు. పిల్లి స్వభావముచేత మాంసాహారి. దానికి కావలసిన టౌరిన్ అను పదార్థమును, విటమిను ఏ ను అన్నము నుండి పొందజాలదు. ఎండలో పెట్టినచో ఎముకలు గట్టిపడుననుటయు సరికాదు. మన చర్మము ఎండవలన విటమిను డి ని కల్పించుకొనును. పిల్లి దానిని ఆహారమునుండియే పొందవలెను. అట్లని కాల్షియమును, విటమినులను తోచినంత పోయరాదు, ఎక్కువైనను కీడే. కూనలకొరకు సిద్ధపరచి అమ్ము సంపూర్ణాహారము కొనగలవారు దానిని పెట్టుట సులువు. పచ్చిచేపలు నిత్యము పెట్టరాదు. కొన్ని చేపలలో విటమిను బి1 ను నశింపజేయు పదార్థమున్నది. దానివలన మెడ వంగి గడ్డము రొమ్మునకానును, నడక తూలును. ఉడికించినచో ఆ దోషము పోవును. పుట్టి నడక నేర్చిన నాటినుండియే తూలుచు, తల వణకించుచు, నొప్పిలేక ఆడుకొను కూన వేరు. తల్లి గర్భముతో నున్నప్పుడు తగిలిన అంటురోగమువలన దాని చిన్నమెదడు సరిగా పెరుగలేదు. అది బాగుపడదు, చెడదు. కొద్దిపాటి కనిపెట్టుతో చిరకాలము జీవించును.

ఇక చేయరానివి. తల్లిపిల్లి కూనను నోటగరచి మోయుట చూచి మన వేదాంతులు మార్జాలకిశోరన్యాయమును చెప్పిరి. వేదాంతమునకది తగునుగాని, బరువెక్కిన కూనను, అందును నడుము దెబ్బతిన్నదానిని, మెడతోలు పట్టి వ్రేలాడదీయుట మనకు తగదు. దానిని పలకమీదికో, పీటమీదికో మెల్లగా జరిపి, గుడ్డ కప్పి, వెన్ను వంగకుండ గొనిపోవలెను. నొప్పిలో నున్న పిల్లి పెంచినవారినైనను కరచును. రక్తము కారుచున్నచో శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టవలెను. విరిగిన కాలికి వెదురుబద్దలు మనము కట్టరాదు. సరిగా కుదరని కట్టు ఎముకను మరింత తొలగించును.

అన్నింటికంటె ముఖ్యము: మనము వాడు నొప్పిమాత్ర దేనిని పిల్లికి వేయరాదు. పారాసెటమాలు ఒక్క మాత్రయైనను దాని ప్రాణము తీయవచ్చును. ఆ మందును విరిచి బయటకు పంపు శక్తి పిల్లి కాలేయమున కొరవడియున్నది. రక్తము గోధుమవన్నెకు మారి, చిగుళ్ళు నల్లబడి, మొగము వాచి, ఊపిరాడక చచ్చును. తెలియక వేసియున్నచో దాచక వైద్యునికి వెంటనే చెప్పవలెను, విరుగుడు గలదు. కిరసనాయిలు, కర్పూరతైలము, నీలగిరి తైలము పూయరాదు. పూసినదెల్ల అది నాకుకొని మ్రింగును. ఇందును దాని పేరే మనకు సాక్ష్యము. వాతలు పెట్టుట ఉత్త హింస.

వైద్యము ఎక్కడ దొరకునందురా? మొదట సమీపమున నున్న పశువైద్యశాల. ఎక్స్‌రేయు, శస్త్రచికిత్సయు కావలసినచో తిరుపతి, గన్నవరము, హైదరాబాదు రాజేంద్రనగరములందలి పశువైద్య కళాశాలల ఆసుపత్రులు గలవు. లేబ్రాయపు ఎముకలు త్వరగా అతుకును. కటి విరిగిన కూనలు పెక్కు విశ్రాంతిచేతనే కుదురుకొనును. కొన్ని కాళ్ళకు లోపల లోహపు కడ్డీ వేయుదురు. కాలు తీసివేయవలసి వచ్చినను దిగులుపడ నక్కరలేదు. మూడుకాళ్ళ పిల్లి చక్కగా పరుగిడును.

విశ్రాంతియనగా గదిలో విడిచిపెట్టుట కాదు. దూకుటకు, ఎక్కుటకు వీలులేని గూటిలో ఉంచుట. నీరు, తిండి అందుబాటున పెట్టి, అంచు తక్కువగల పళ్ళెమున ఇసుక పోయవలెను. లేవలేని కూనను కొన్ని గంటలకొకమారు ప్రక్కకు త్రిప్పి, తడిసిన గుడ్డలు మార్చవలెను. లేకున్న పుండ్లు పడును. మూత్రము తనంత పోయలేనిదానికి పొట్ట నొక్కి పోయించు విధమును వైద్యునివద్ద చేతితో నేర్చుకొనవలెను; నేర్వక నొక్కరాదు. నొప్పి యెన్నటికిని తీరదని వైద్యుడు నిశ్చయించినచో, సుఖమరణమును గూర్చి ఆయన చెప్పు మాట వినుట దయయే. సంచిలో కట్టి విడుచుట దయ కాదు.

ఊరిలో పెద్దలు మీరు. మీ మాటకు విలువ గలదు. ఎవరైనను కాళ్ళీడ్చు కూనను బయట పారవేయబోవుచున్నచో, మొదట దాని తిండియేమని, మూత్రము పోయుచున్నదా యని అడుగుడు; పిదప ఒక గంప తెప్పించి పశువైద్యశాలకు పంపుడు.