మంచును చూసి ట్రాక్ ఎంచుకోవాలి

లావాటి నాలుగు టైర్లు, మోటార్‌సైకిల్ హ్యాండిల్ ఉండే ఏటీవీని మనలో చాలామంది హైదరాబాద్ శివారు రిసార్టుల్లో సరదా బండిగానే చూసి ఉంటారు. కెనడాలోని క్యుబెక్‌లో, అమెరికాలోని మిన్నెసోటాలో మాత్రం అది పనిబండి. చలికాలం రాగానే అక్కడ కొందరు దాని టైర్లు విప్పేసి, ఆ చోట త్రికోణాకారపు రబ్బరు ట్రాక్‌లు బిగిస్తారు. కొనేటప్పుడు ఎక్కువగా ఆలోచించేది రెండు విషయాలే: ట్రాక్ పట్టా మీది పళ్ల ఎత్తు, ఇంజిన్ సత్తా. ఈ రెండిటికన్నా ముందు చూడాల్సింది మంచును. అది ఎంత బరువు మోయగలదు, ఆ బరువును ట్రాక్ దానిమీద ఎలా పరుస్తుంది అన్నదాన్ని బట్టే ఎంపిక జరగాలి.

అప్పుడే కురిసిన పొడి మంచు ఘనపు మీటరుకు 50 నుంచి 100 కిలోలే తూగుతుంది. అంటే దాదాపు తొంభై శాతం గాలే. బరువు పడితే రేణువులు నలిగి, దగ్గరకు జరిగి, ఆ ఒత్తిడిని తట్టుకునేంత గట్టిపడేదాకా కుంగుతూనే ఉంటుంది. బండీ మనిషీ కలిసి 440 కిలోలు అనుకుందాం. టైరు నేలమీద మోపే ఒత్తిడి ఇంచుమించు అందులోని గాలి ఒత్తిడంత, అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 0.4 కిలోలు. ట్రాక్‌లు బిగిస్తే బరువు మరో నూరు కిలోలకు పైగా పెరుగుతుంది. మొత్తం 570 అనుకుందాం. ఒక్కో ట్రాక్ 30 సెంటీమీటర్ల వెడల్పున, 70 సెంటీమీటర్ల పొడవున నేలను తాకితే ఒత్తిడి 0.07కు దిగుతుంది. బరువు పెరిగినా ఒత్తిడి సుమారు ఆరో వంతే. తడి ఆరని వరి మడిలోకి టైర్ల కోత మిషన్‌ను దింపకుండా చైన్ మిషన్‌ను పిలిపించే రైతుకు ఈ లెక్క విడమరచి చెప్పక్కర్లేదు.

అయితే ఈ 0.07 సగటు మాత్రమే. పట్టా లోపల దొర్లే చిన్న చక్రాల కింద ఒత్తిడి ఎక్కువ, చక్రానికీ చక్రానికీ మధ్య తక్కువ. మంచు కుంగేది ఆ ఎక్కువ ఒత్తిడి దగ్గరే. కాబట్టి వైశాల్యం సమానంగా ఉన్న రెండు ట్రాక్‌లలో చక్రాలు దగ్గర దగ్గరగా, ఎక్కువగా ఉన్నదే మేలు. ఆకారం సంగతీ ఉంది. నేల మీద వాహనాల నడకను శాస్త్రంగా మలిచిన ఎం.జి. బెక్కర్ 1950లలోనే చూపించారు: వైశాల్యం ఒకటే అయితే, పొట్టి వెడల్పు పట్టా కన్నా సన్నని పొడవు పట్టాకు ఎదురయ్యే నిరోధం తక్కువ, ఎందుకంటే అది నొక్కుకుంటూ పోవాల్సిన గాడి సన్నగా ఉంటుంది. పొడవు పెరిగితే మలుపు తిప్పడం కష్టం కాబట్టి ముందు ట్రాక్‌లను మరీ పొడవుగా చేయలేరు. పవర్ స్టీరింగ్ లేని బండికి అవి పెద్ద భారం. ముందు ట్రాక్ ముక్కు ఎంత పైకి లేచి ఉండాలో నిర్ణయించేది, అది గిర్రున తిరిగిపోకుండా పట్టి ఉంచే చిన్న కడ్డీ. దాన్ని సరిగా బిగించకపోతే ముక్కు కిందికి వాలి మంచులోకి దూరుతుంది. అప్పుడు ఎంత ఖరీదైన కిట్ అయినా నాగలిలా దున్నుతుంది.

పళ్లు ఎత్తుగా ఉంటే పట్టు బాగుంటుంది కదా అనవచ్చు. తడిసి గట్టిపడిన మంచులో నిజమే. చక్కెరలా జారే పొడి మంచులో మాత్రం పట్టా ఒకచోటే తిరిగితే ఎత్తు పళ్లు కింది మంచును తవ్వి వెనక్కి విసిరేస్తాయి, బండి తన గోతిలో తానే కూర్చుంటుంది. ఇక ఇంజిన్ మాట. 66 సెంటీమీటర్ల టైరు స్థానంలో 40 సెంటీమీటర్ల పళ్లచక్రం పట్టాను తిప్పుతుందనుకుంటే, స్పీడోమీటర్ 50 చూపినప్పుడు అసలు వేగం 30. వేగం తగ్గినంత మేరా లాగే బలం పెరుగుతుంది. అందులో కొంత పట్టా రాపిడికే పోతుంది కనుక మరీ చిన్న ఇంజిన్ చాలదు, కానీ ఇంజిన్ ఎంత పెద్దదైనా మంచు మోయలేని బరువును మోయించలేదు.

ఇంత తంటా ఎందుకు, మంచు కోసమే చేసిన స్నోమొబైల్ కొనుక్కోవచ్చు కదా అనేవారి మాటలోనూ బలముంది. లోతైన మంచులో వేగంగా పోవాలంటే అదే సరైనది. దాని ఒత్తిడి ట్రాక్‌ల ఏటీవీ కన్నా బాగా తక్కువ. నెమ్మదిగా బరువులు లాగుతూ, ఆగుతూ, మంచు నుంచి బురదకు, బురద నుంచి కంకరకు మారే దారిలో ఏటీవీ నయం. బండి ఏదైనా, అక్కడ ఇది సరదా మాట కాదు. ఆ క్యుబెక్‌కే చెందిన జోసెఫ్-ఆర్మాండ్ బొంబార్డియర్ 1934 చలికాలంలో, మంచు దారి మూసేయడంతో, రెండేళ్ల కొడుకును ఆసుపత్రికి చేర్చలేక పోగొట్టుకున్నారు. 1937లో పళ్లచక్రంతో తిరిగే పట్టాకు పేటెంట్ పొందారు. ఆయన అమ్మకానికి మొదట తయారుచేసింది ఏడుగురు కూర్చునే మంచు వాహనం. మంచులో చేరాల్సిన చోటికి చేరడం అక్కడివారికి ప్రాణాలతో ముడిపడిన విషయం.

గడ్డకట్టిన చెరువు మీద మాత్రం ఈ ఒత్తిడి లెక్క పనిచేయదు. నీటిపై తేలే మంచుపలక కొన్ని మీటర్ల మేర ఒక్కటిగా వంగుతుంది. అక్కడ పట్టా కింది ఒత్తిడి కన్నా బండి మొత్తం బరువే ముఖ్యం, ట్రాక్‌లు ఆ బరువును పెంచుతాయి. చిన్న ఏటీవీకి కనీసం 5 నుంచి 7 అంగుళాల కొత్త, గట్టి, పారదర్శకమైన మంచు ఉండాలని మిన్నెసోటా సహజ వనరుల శాఖ చెబుతుంది. ట్రాక్‌లు బిగించిన బండి అయితే అంతకన్నా మందమైన మంచు కావాలి. దిగే ముందు తొలిచి కొలిచి చూసుకోండి.