కొండదారుల్లో అంకెల వేట



ఇసుకలో పుల్ల దాచే ఆట మీకందరికీ తెలిసిందే. ఇసుకను బారుగా పోసి, అందులో ఒక చిన్న పుల్లను దాచి, అది ఎక్కడుందో చేతులు మూసి చూపించమంటారు పిల్లలు. ఇప్పుడు ఆ ఇసుకబారుకు బదులు భూగోళమంతా ఉందనుకోండి. పుల్లకు బదులు మూత గట్టిగా పట్టే డబ్బా ఒకటి. దాచినవాడు అది ఉన్న చోటును అంకెల్లో చెబుతాడు, వెతికేవాడు ఆ అంకెలు పట్టుకుని బయలుదేరతాడు. ఈ ఆట పేరు జియోకేషింగ్. కేష్ అంటే ఇక్కడ డబ్బు కాదు, దాచిపెట్టిన సరుకు అని అర్థం.

డబ్బాలో ఏముంటుంది అంటారేమో! ఒక చిన్న పుస్తకం, పెన్సిలు, నాలుగైదు ఆటబొమ్మలు, అంతే. దొరికినవాడు పుస్తకంలో పేరూ తేదీ రాయాలి. ఏదైనా తీసుకుంటే అంతకు తక్కువ కానిది ఇంకొకటి అందులో పెట్టాలి. డబ్బాను మళ్ళీ ఎలా ఉన్నది అలాగే దాచి రావాలి. తినే వస్తువు మాత్రం ఎప్పుడూ పెట్టకూడదు. కోతులకూ ఎలుగులకూ మూతలు తీయడం మనకంటే బాగా తెలుసు.

ఈ ఆట పుట్టిన తేదీ కచ్చితంగా తెలుసు. జి.పి.ఎస్. అనే అమెరికా ఉపగ్రహాల సంకేతాలను 2000 సంవత్సరం వరకు సామాన్యులకు కావాలనే కొంత మసకబార్చి ఇచ్చేవారు. అందువల్ల చోటు చెప్పడంలో 100 మీటర్ల దాకా తేడా వచ్చేది. 2000 మే 1వ తేదీ రాత్రితో ఆ మసక తొలగించారు. మే 3న ఆరెగాన్ రాష్ట్రంలో డేవ్ ఉల్మర్ అనే ఆయన అడవిదారి పక్కన ఒక బకెట్టు దాచి, దాని అంకెలు నలుగురికీ ప్రకటించాడు. కొద్ది రోజుల్లోనే అది దొరికింది. ఇవాళ ప్రపంచమంతటా అలాంటివి 30 లక్షలకు పైగా ఉన్నాయి. అంకెలు లేకుండా ఇదే సరదా ఇంగ్లండులో అంతకుముందే ఉన్నది. 1854లో డార్ట్‌మూర్ బయళ్ళలో జేమ్స్ పెరట్ అనే దారిచూపరి ఒక సీసా పెట్టి, అక్కడిదాకా నడిచి వచ్చినవాళ్ళు తమ పేరుచీటీ అందులో వేసి పొమ్మన్నాడు.

అంకెలు అంటున్నాను గదా, అవి ఎలా ఉంటాయో చూద్దాం. మదరాసుకు దక్షిణాన పాత మహాబలిపురం రోడ్డు మీద షోళింగనల్లూరు ఉంది. మన జిల్లాల నుంచి వెళ్ళి అక్కడి కంప్యూటరు కంపెనీల్లో పనిచేసే పిల్లలు ఎందరో! ఆ ఊరి చిరునామా దరిదాపుగా 12 డిగ్రీల 54 నిమిషాల ఉత్తర అక్షాంశం, 80 డిగ్రీల 14 నిమిషాల తూర్పు రేఖాంశం. ఇది గడియారపు నిమిషం కాదు, డిగ్రీలో 60వ భాగం. అక్షాంశంలో ఒక నిమిషం అంటే నేల మీద సుమారు 1,850 మీటర్లు. ఆటగాళ్ళు ఈ నిమిషాన్ని మళ్ళీ వెయ్యి భాగాలు చేసి చెబుతారు. ఒక్కొక్క భాగం రెండు మీటర్లు కూడా ఉండదు. ఇంత సూక్ష్మంగా చెప్పిన లెక్కలో 54ను పొరపాటున 45 అని రాసుకున్నారా, 16 కిలోమీటర్లకు పైగా దక్షిణానికి జరిగి, కేళంబాక్కం దాటి తిరుప్పోరూరు దాపుల్లో తేలతారు!

ఇక్కడ ఒక విశేషం మనవి చేయాలి. దక్షిణ దేశంలో చోటును కచ్చితంగా అంకెల్లోకి ఎక్కించే మహా యత్నం మొదలైంది షోళింగనల్లూరు పొరుగునే. విలియం లాంబ్టన్ అనే సైనికాధికారి 1802 ఏప్రిల్ 10న సెయింట్ థామస్ మౌంటు దగ్గర కొలత మొదలుపెట్టి, షోళింగనల్లూరుకు పడమట ఉన్న పెరుంబాక్కం గుట్ట దాకా ఏడున్నర మైళ్ళ సరళరేఖను కొలిపించాడు. కొలిచింది 100 అడుగుల ఉక్కు గొలుసుతో. ఎండకు ఉక్కు సాగుతుంది. కొలిచింది నడివేసవిలో. అందుకని గొలుసును చెక్కపెట్టెల్లో పరిచి, నీడ పట్టి, పక్కన ఉష్ణమాపకం ఉంచి, దాని ప్రకారం లెక్క సవరించుకుంటూ పోయారు. అలా ఒక గీత కచ్చితంగా తెలిసిన తరువాత, మిగతా దూరాలన్నీ కొండ నుంచి కొండకు కోణాలు చూసి, త్రిభుజాలు కట్టి లెక్కగట్టారు. కోణాలు కొలిచే థియోడొలైటు యంత్రం బరువు అర టన్ను. దాన్ని మనుషులే కొండల మీదికి మోశారు. మన గుత్తి దగ్గర కూడా 1811లో ఇలాంటి ఆధారరేఖ ఒకటి కొలిచారు. కొన్ని కొండల నెత్తిన, రాతి మీద, వలయమూ నడుమ చుక్కా చెక్కిన గుర్తులు మీకు కనిపించవచ్చు. కింద నిధి ఉన్నదని వాటిని తవ్వకండి. అక్కడ ఉన్నది లెక్క మాత్రమే.

ఆనాడు గొలుసు చేసిన పని నేడు గడియారం చేస్తున్నది. సుమారు 20,000 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఒక్కొక్క జి.పి.ఎస్. ఉపగ్రహంలో అణుగడియారాలు ఉంటాయి. "ఇప్పుడు నా సమయం ఇది" అని అది నిరంతరం చెబుతూ ఉంటుంది. ఆ కబురు మన చేతిలోని పరికరానికి చేరడానికి ఎంత సేపు పట్టిందో చూసి దూరం కడతారు. నాలుగు ఉపగ్రహాల కబుర్లు అందితే మనం ఉన్న చోటు తేలుతుంది. గడియారం సెకనులో పది లక్షల వంతు తప్పితే నేల మీద 300 మీటర్లు తప్పినట్లే. మన దేశపు సొంత ఏర్పాటైన నావిక్‌కు మొదటి ఉపగ్రహం 2013 జూలై 1న మన సూళ్ళూరుపేట పక్కనున్న శ్రీహరికోట నుంచే వెళ్ళింది. 2023 మే 29న వెళ్ళిన ఉపగ్రహంలోనైతే మన దేశంలోనే తయారైన అణుగడియారం ఉన్నది.

ఇకపోతే కొండల సంగతి. సెలవు రోజు వస్తే షోళింగనల్లూరు వైపు నుంచి కుర్రకారు మోటారు సైకిళ్ళేసుకుని నాగలాపురం కొండలకూ, వరదయ్యపాళెం దగ్గర ఉబ్బలమడుగుకూ వస్తుంటారు. తడ జలపాతమని వాళ్ళు పిలిచేది దీన్నే. చేతి ఫోనులో బాణం గుర్తు చూస్తూ నడుస్తారు. ఆ బాణం, గమ్యం 200 మీటర్ల దూరం అని చూపుతుంది. మధ్యలో లోయ ఉన్నదని చూపదు. ఇరుకు లోయలో దిగితే రాతిగోడలు సగం ఆకాశాన్ని కప్పేస్తాయి, సంకేతాలు గోడలకు తగిలి తిరిగి వస్తాయి, బాణం అటూ ఇటూ కొట్టుకుంటుంది. ఉపగ్రహం కబురుకు ఫోను టవరు అక్కరలేదు, నిజమే. కాని ముందుగా దించుకోకపోతే పటం రాదు. సాయంకాలానికి బ్యాటరీ అయిపోయిందంటే రెండూ లేవు. కనుక మొదట రాసుకోవలసినవి డబ్బా అంకెలు కాదు, బండి నిలిపిన చోటు అంకెలు. అవి కూడా కాగితం మీద. ఒక ప్రతి ఇంట్లో ఇచ్చి రండి. ఆపద వస్తే, ఫోను అందే చోట ఉంటే, 112కు చేసి ఆ అంకెలే చెప్పండి. "పెద్ద రాయి పక్కన, మద్దిచెట్టు కింద" అంటే ఆ అడవిలో ఎవరు వెతకగలరు?

ఇది ఊరికే బెదిరించడానికి చెబుతున్న మాట కాదు. 2018 మార్చి 11న తేని జిల్లా కురంగణి కొండల్లో ఎండుగడ్డికి నిప్పంటుకుని, అక్కడ నడుస్తున్న బృందాలలో 20 మందికి పైగా మరణించారు. వారు నడిచిన దారికి అనుమతి లేదు. కాబట్టి ఎవరు ఎక్కడ ఉన్నారో తెలిసే లెక్కా లేదు. మెట్లు కట్టి, దీపాలు పెట్టి, వేలమంది నడిచే అలిపిరి దారిలోనే 2023 ఆగస్టులో చిరుత ఒక పసిబిడ్డను పొట్టన పెట్టుకున్నది. అలాంటప్పుడు దారి విడిచి పొదల్లో డబ్బా వెతకడం ఎంత పనో ఆలోచించండి.

చట్టం మాటకొస్తే, అభయారణ్యంలోకి అనుమతి లేకుండా వెళ్ళడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. రిజర్వు అడవికి మన రాష్ట్రంలో 1967 నాటి అటవీ చట్టం ఉన్నది. పైగా మన కొండల్లో సరిహద్దు గీత ఎవరికీ కనబడదు. ఒక రాష్ట్రపు అనుమతి చీటీ ఆ గీతకు అవతల చెల్లదు. అన్నిటికీ మించి ఇవి ఎర్రచందనం కొండలు. కొత్త మనిషి ఒకడు పొదలో ఏదో పెట్టి, అంకెలు రాసుకుని పోతుంటే అటవీ సిబ్బంది ఏమనుకుంటారు? ఆట అని చెబితే నమ్మాలా? నా మట్టుకు నేను, శేషాచలం అడవుల్లో ఎవరూ ఏ డబ్బా పెట్టకూడదనే అంటాను. సొంత మామిడితోట ఉంది, పెద్దలను అడిగితే బడి ఆవరణ ఉంది, పిల్లలకు అవి చాలు. తమిళనాట అయితే 2024 అక్టోబరులో అటవీశాఖ 40 కొండదారులను రుసుము మీద, దారిచూపేవారిని ఇచ్చి తెరిచింది. వాటిలో తిరువళ్ళూరు జిల్లాలోని గుడియం గుహల దారి మనకు దగ్గర.

ఏమీ దాచని పద్ధతి కూడా ఈ ఆటలో ఉంది. అంకెలు ఇచ్చి, అక్కడికి పోయి చూసి వస్తే తప్ప చెప్పలేని ప్రశ్న ఒకటి అడుగుతారు. జవాబే మీకు దొరికిన డబ్బా. ఇందుకు తిరుమలను మించిన చోటు లేదు. గుడికి కిలోమీటరు దూరంలోని శిలాతోరణం సుమారు 25 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తున సహజంగా ఏర్పడినది. ఘాటురోడ్డు పక్క కోతల్లో ఇంకో వింత ఉన్నది. కింద పాత గ్రానైటు, పైన పొరలు పొరలుగా క్వార్ట్‌జైటు. ఈ రెండూ పుట్టిన కాలాలకు నడుమ పదుల కోట్ల సంవత్సరాల ఎడం. అవి రెండూ కలిసే గీత మీద ఒక్క వేలు ఆనిస్తే అంత కాలమూ ఆ వేలి కిందే ఉంటుంది. ఈసారి కొండకు వెళ్ళినప్పుడు బస్సు కిటికీలోంచి ఆ గీత ఏ మలుపు దగ్గర కనిపించిందో గుర్తు పెట్టుకుని రండి.

సెలవు.